నాలుగు కిలోల గాలి

ఎనిమిది. బ్రేకు గాలి చూపించే ముల్లు ఎనిమిది కిలోల మీద ఉంది. పాప్పాత్తి డ్రైవరు సీట్లో ముందుకు జరిగి కూర్చుని, డయలు అద్దం మీద గోటితో రెండుసార్లు తట్టి మళ్ళీ చూసింది. ఎనిమిదే. తట్టకుండా ముల్లును నమ్మకూడదు, అది ఒళ్ళు బద్ధకం మనిషి, లోపల గాలి దిగిపోయినా తాను ఉన్నచోటే ఉండిపోతుంది, తడితేగాని కదలదు, అనేవాడు ఆమె మొగుడు కందసామి, గాలి బ్రేకుల మెకానిక్కు. ముప్పయ్యొక్క ఏళ్ళు ఆ మాట విని విని ఆమెకు గోడగడియారాన్ని కూడా తట్టి చూసే అలవాటైపోయింది. ఇప్పుడు టైము ఏడూ పది. ఎనిమిదీ పది దాకా ఈ ముల్లు ఏడున్నర కంటే కిందికి దిగకూడదు. దిగకపోతే పదింటికల్లా బండి కదులుతుంది. దిగితే ఇక కదలదు, ఈ ఏడాది కాదు, వచ్చే ఏడాది మాట కూడా చెప్పలేం. కళైవాణి ఇంజను ఆపి, తాళంచెవి నడుముకు దోపుకుని, టీ తాగి నీళ్ళ క్యాన్లు నింపించుకొస్తానని రోడ్డు దాటి పోయింది. పోయేముందు మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడి, ఒక్క మాట చెప్పి పోయింది.

"ఏడున్నరకు కింద పోతే నేను స్టీరింగు పట్టను అత్తా. మామ చేసిన బండైనా శరి. గాలి నిలవని బండికి బ్రేకు లేదు."

తప్పు పట్టడానికి లేదు. కళైవాణి కందసామి అక్క కూతురు, కోయంబత్తూరులో ఒక నూలు మిల్లుకు పనివాళ్ళ బస్సు తోలుతుంది, రోజుకు నలభైమంది ఆడపిల్లల ప్రాణాలు ఆమె పాదం కింద ఉంటాయి, గాలి బ్రేకు సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎనిమిది రోజుల లీవు పెట్టుకుని మదురైకి బస్సెక్కి వచ్చింది, అందులో మూడు రోజులు ఈ షెడ్డులోనే, ఈ గాలి ఎక్కడ పోతోందో వెతకడంలోనే పోయాయి. మిగిలిన అయిదు రోజుల్లో వెళ్ళి రావాలి. ఉత్తరాన, ఎంత దూరం పోగలిగితే అంత దూరం. బండి అంటే ఉత్త బండి కాదు, ఇల్లు. ఒకప్పుడు ముప్పైమంది కూర్చున్న బస్సు, సీట్లన్నీ పీకేసి కందసామి ఆరేళ్ళు తీసుకుని, దొరికిన ఆదివారమల్లా ఒక పలక, ఒక మేకు చొప్పున ఇల్లు చేశాడు. రెండు బర్నర్ల పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, కిటికీ పక్కన మడత బల్ల, వెనకాల మంచం. ఊరగాయ జాడీ దొర్లిపడకుండా అరకు చెక్క అంచు. ఆ అంచు ఆమె అడిగింది కాదు, ఆయనే పెట్టాడు, జాడీ పగిలితే రోడ్డంతా నీ గొంతే వినపడుతుంది అన్నాడు, మహా వినిపించినట్టు, ఆయనగారి చెవులకు.

రోడ్డు మీద మేలూరు వైపు నుంచి గ్రానైటు రాళ్ళ లారీ ఒకటి పోయింది. షెడ్డు నేల అదిరింది, ముల్లు వణికింది, మళ్ళీ నిలిచింది. తట్టింది. ఎనిమిదికి వెంట్రుకవాసి కింద. లేదు, అది కళ్ళ భ్రమ. కళ్ళద్దాలు తుడుచుకుంది. ఇదే సీటు, ఇదే డయలు కాదుగానీ ఇలాంటి డయళ్ళు ఎన్ని వందలు చూసిందో, పెళ్ళయి వచ్చిన రెండో నెలలోనే ఆయన పిలిచి ఒక లారీ క్యాబిన్లో కూర్చోబెట్టాడు. కరిసల్ నల్లనేలలో పత్తి తీసిన పిల్ల, లారీలోకి ఎక్కడమే మొదటిసారి. ఇది ముల్లు, ఇది బ్రేకు, తొక్కమంటే తొక్కు, వదలమంటే వదులు, ముల్లు ఎంత చూపిస్తే అంత గట్టిగా చెప్పు, అంతే పని, అన్నాడు. అని తాను గోనెపట్ట పరుచుకుని బండి కింద దూరాడు. అప్పట్నుంచి అదే పద్ధతి. ఆయన కింద, ఆమె పైన. మధ్యలో ఒక ఇనప నేల. మొగుడి పేరు నోటితో అనకూడదు కాబట్టి పిలవాలంటే మడమతో నేల మీద రెండు దెబ్బలు కొట్టేది, కింద నుంచి ఊఁ అనేవాడు. అప్పుడు ముల్లు చెప్పేది. ఏడు. ఆరూ ముక్కాలు. ఆరున్నర. ఆరుంబావు. షెడ్డులో పనివాళ్ళూ డ్రైవర్లూ అందరూ తమిళం, వీళ్ళిద్దరి మాటే తెలుగు, మధ్యలో ఎవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. డ్రైవరు పక్కనే నిలబడి వాల్వు మొత్తం పోయిందా అని గాబరా పడుతుంటే కింద నుంచి ఆయన, వీడు రాత్రి నిద్ర పోలేదు పాప్పా, కళ్ళు చూడు, ముందు వీడికి కాఫీ ఇయ్యి, వాషరు తరవాత మారుస్తాము అనేవాడు. ఆమెకు నవ్వు ఆగేది కాదు. నవ్వుతూ ముల్లు చెప్పడం మరిచిపోయేది. అప్పుడు కింద నుంచి ఎప్పుడూ అదే మాట.

"ఇనపడలా పాప్పా. మళ్ళా చెప్పు."

మళ్ళీ చెప్పేది. చెప్పినా ఒకసారితో సరిపోయేది కాదు, రెండోసారి ఇంకాస్త గట్టిగా, ఒక్కోరోజు మూడోసారి. గొంతు ఎండిపోయేది. కంప్రెసర్ల పక్కన పని చేసి చేసి చెవులు పోయాయి ఈయనకు, నలభై దాటకముందే పోయాయి అని ఆమె నిర్ణయించేసుకుంది. శనివారం శనివారం వెల్లుల్లి కాచిన నూనె గోరువెచ్చగా చేసి, ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని, ఈ చెవిలో నాలుగు చుక్కలు, తిప్పి ఆ చెవిలో నాలుగు చుక్కలు. మనిషి కిక్కురుమనకుండా కళ్ళు మూసుకుని పడుకునేవాడు. చేదు కషాయం చూస్తే ఆమడ దూరం పారిపోయే మనిషి నూనెకు మాత్రం తానే వచ్చి తల పెట్టేవాడు. ఇరవై ఏళ్ళు పోసింది ఆ నూనె. ఏం లాభం. సోమవారం పొద్దున మళ్ళీ అదే పాట. ఒకటి మాత్రం ఆమెకు అంతు పట్టేది కాదు. అంత చెవిటి మనిషి, పక్కన కంప్రెసరు దడదడలాడుతుంటే, సూదిమొన అంత రంధ్రంలోంచి పోయే గాలిని మూడడుగుల దూరం నుంచి వినేవాడు. ఇదిగో, ఈ జాయింటు, అని వేలు పెట్టేవాడు, అక్కడే ఉండేది. గాలి బుస వినపడుతుంది, పెళ్ళాం మాట వినపడదా అని దెప్పేది. సన్న శబ్దం వేరే, మాట శబ్దం వేరే పాప్పా, చెవిలో రెండు తలుపులుంటాయి అనేవాడు. చదువుకున్న మనిషి కదా, ఎనిమిదో క్లాసు, నమ్మింది.

తట్టింది. ఏడూ ముక్కాలు. టైము ఏడూ ఇరవై ఎనిమిది. పద్దెనిమిది నిమిషాల్లో పావు కిలో. పావు పోతే పోనీ, మొదట్లో కాస్త దిగి తరవాత నిలిచే బండ్లు ఉంటాయి, వేడి గాలి చల్లారితే ముల్లు కొంచెం దిగుతుంది, అది లీకు కాదు, ఆయనే చెప్పాడు. నిలుస్తుందేమో. మూడు రోజుల్లో రెండు లీకులు పట్టారు, ఒకటి తలుపు తెరిచే సిలిండరు పైపు దగ్గర, ఒకటి బ్రేకు పెడలు కింద. రెండూ కుంకుడు నురగతోనే. ఆయన సబ్బు పొడిని దగ్గరికి రానిచ్చేవాడు కాదు, అందులో ఉప్పుంటుంది, ఇత్తడి పచ్చబడి చస్తుంది అని. తలకు పోసుకోవడానికి తెచ్చిన కుంకుళ్ళలోంచే దోసెడు నానబెట్టి, పిసికి, నురగ చేసి, పాత రంగు కుంచెతో జాయింటుకు పూస్తే, గాలి పోయే చోట నురగ బుడగకట్టి పెరుగుతుంది. సాయంత్రం ఆయన ఇంటికొస్తే మనిషంతా గ్రీజు వాసన, చేతులు మాత్రం తలంటుకున్న ఆడదాని వాసన. ఆ చేతులు. నిన్న కుంకుళ్ళు పిసుకుతుంటే గిన్నెలోంచి ఆ వాసన లేచింది, ఆమె గిన్నె పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది, కళైవాణి ఏమైంది అత్తా అంటే కళ్ళలో పడింది అంది. అబద్ధమేం కాదు.

మూడో లీకు కోసం నిన్న మధ్యాహ్నం తమిళరసన్‌ను పిలిచారు. ఆయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు రింగు రోడ్డులో సొంతంగా షెడ్డు పెట్టుకున్నవాడు. కింద దూరి అరగంట చూసి, లేచి చేతులు తుడుచుకుంటూ, ఎర్ర పిడి వాల్వు దగ్గరమ్మా అన్నాడు, దాన్ని విప్పి కొత్తది వేస్తే అయిపోతుంది, పది నిమిషాల పని, ఇప్పుడే చేసేస్తాను అన్నాడు. ఆమె వద్దంది. ఎందుకమ్మా. వద్దు. అక్కడ కాదు, ఇంకోచోట చూడు. వాడు ఇంకోచోట చూసి, లేదని చెప్పి, పోతూ పోతూ, వెనక ట్యాంకు ముల్లు కూడా ఇరుక్కుపోయినట్టుంది, నాలుగు చూపిస్తోంది, ఏడాది నిలబడ్డ బండిలో నాలుగెక్కడిది అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. వాడు ఆ అద్దం మీద తట్టాడేమోనని భయపడి, వాడు పోయాక వంగి చూసింది. నాలుగే. తట్టలేదు వాడు. దేవుడు చల్లగా చూడాలి వాణ్ణి.

ఆ ట్యాంకు సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. నిరుడు ఒక సాయంత్రం, పని అంతా అయ్యాక, ఆయన చిట్టచివర బిగించింది ఆ ట్యాంకే. వెనక మంచం కింద గాలి స్ప్రింగులు పెట్టాడు, వాటికి వేరే ట్యాంకు, దానికి మూయడానికి ఎర్ర పిడి ఉన్న వాల్వు. పత్తి తీసిన నడుము నీది, ఏ గతుకూ తెలియకూడదు, పడుకుని పోవాల నువ్వు, అన్నాడు. ఇంజను నడిపి నాలుగు కిలోలు నింపి, ఎర్ర పిడి అడ్డంగా తిప్పి మూసి, ట్యాంకు మీద సుద్దముక్కతో 4 అని రాసి, రేపు పొద్దున చూస్తాము ఎంత దిగిందో, అన్నాడు. చేతులు కడుక్కుని, కొళంబు పోసుకుని అన్నం తిని, పడుకున్నాడు. రేపు పొద్దున ఆయన లేవలేదు. లేపింది. మళ్ళీ లేపింది. ఎంతకీ లేచాడు కాదు. తరవాత జనం, పందిరి, ఏడ్పులు, పెరియకుళం నుంచి చెల్లెళ్ళు, ఎవరో బండిని పక్కకు తీయండి పందిరికి అడ్డం అన్నారు, అప్పటిదాకా బొమ్మలా కూర్చున్న మనిషి లేచి వచ్చి, దాన్ని ముట్టుకోవద్దు అంది. అంత దుఃఖంలో ఆమెకు తోచింది ఒకటే, ముట్టుకుంటే ఆయన టెస్టు చెడిపోతుంది. ఏడాది తిరిగేదాకా చావు జరిగిన ఇంటివాళ్ళు ఏరు దాటకూడదని వాళ్ళవైపు కట్టుబాటు, అందుకే బండి నిలిపింది కామోసు అని అందరూ అనుకున్నారు, అదే మంచిదైంది. రోజూ పొద్దున చీపురు పట్టుకుని షెడ్డు ఊడ్చే వంకతో వంగి చూసేది. నాలుగు. ఆయన నింపిన గాలి. ఆయన ఉన్న సాయంత్రపు గాలి, ఆయన పీల్చి వదిలినది కూడా అందులో ఉండే ఉంటుంది, అదే షెడ్డు కదా, అదే గాలి కదా. ప్రపంచంలో ఆయనది ఇంకా అయిపోనిది అదొక్కటే మిగిలింది. చీరలు కొన్నాడు, గాజులు కొన్నాడు, అవన్నీ బీరువాలో ఉన్నాయి, అవి అయిపోయినవి. ఇది అవలేదు. ఇంకా రేపు పొద్దున రాలేదు.

తట్టింది. ఏడున్నర. టైము ఏడూ నలభై మూడు. ఇంకా ఇరవై ఏడు నిమిషాలున్నాయి, అవి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఏడున్నర. ఒకసారి ఇలాగే ఏడున్నర అని గట్టిగా చెప్పింది, మూడోసారి, కింద ఉన్న చెవిటాయన కోసం. బయట ఒక లారీ డ్రైవరు నిలబడి ఉన్నాడు, ఎక్కడో ఉత్తరాది నుంచి మిరపకాయ బస్తాలతో వచ్చి హైవే మీద బండి ఆగిపోయినవాడు. ఆ మాట విని క్యాబిన్ దగ్గరికి నడిచొచ్చి తల పైకెత్తి చూశాడు. అమ్మా, మీరు తెలుగా, అన్నాడు. ఏ ఊరమ్మా మీది అన్నాడు. ఈ ఊరే అంది. మీ పెద్దలు ఎప్పుడొచ్చారు అన్నాడు. ఎవరికి తెలుసు, కత్తులు పట్టుకుని తిరిగే కాలంలో వచ్చారంటారు అంది. ఆ డ్రైవరు మాటలు ఆమెకు సగం అర్థమయ్యాయి, సగం కాలేదు, ఆమె మాటలు వింటే అతనికి వాళ్ళ జేజెమ్మ గుర్తొచ్చిందట. మా వైపు రండమ్మా ఒకసారి, అక్కడ బస్సు కండక్టరు కూడా ఇదే మాట, కూరగాయలమ్మేదీ ఇదే మాట, రోడ్డు మీద తిట్టుకునేదీ ఇదే మాట అన్నాడు. ఆ రాత్రి భోంచేస్తూ మొగుడూ పెళ్ళాం అదే తలుచుకున్నారు. తెలియని మనిషి, చుట్టం కాని మనిషి, దారిన పోయేవాడు, మన మాటలో టికెట్టు అడుగుతాడా. టీవీలో వచ్చే తెలుగు వేరు, అది పట్టుచీర కట్టుకున్న తెలుగు, దానితో కొళంబు కాయలేం. కండక్టరు మాట ఎట్లుంటుందో. ఆ నెలలోనే ఆయన పాత బస్సు కొనితెచ్చాడు. పిల్లలు లేని ఇల్లు, ఇద్దరే మనుషులు, ఇద్దరి మధ్యే ఆ మాట. ఆయన పోయాక వీధంతా తమిళమే, మంచివాళ్ళే అందరూ, కానీ పొద్దున లేచి వాన వచ్చేట్టుంది అని ఎవరితో అనాలి. పొయ్యితో అంది, పిల్లితో అంది. వారానికొకసారి ఫోనులో కళైవాణితో. నోట్లో మాటకు తుప్పు పడుతోందని తెలుస్తోంది, చింతాకు తొక్కులో వేసే ఆ ఆకు పేరు మొన్న గుర్తు రాక, అడగడానికి మనిషి లేక, స్టవ్ ఆపేసి గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ఆయన కావాలి. ఆయన రాడు. కనీసం ఆ కండక్టరు కావాలి, ఎవడో ఒకడు, ఎక్కడికమ్మా అని అడిగేవాడు.

ఏడుంబావు. తట్టకుండానే దిగింది.

సీటు దిగింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. నడుము పట్టుకుని మెట్లు దిగి, గోడకు ఆనించిన గోనెపట్ట తీసుకుంది, దాన్ని ఏడాదిగా ఎవరూ దులపలేదు. చక్రాలకు రెండువైపులా గ్రానైటు ముక్కలు అడ్డంగా ఉన్నాయో లేవో చూసింది. ఉన్నాయి. కుంకుడు గిన్నె, కుంచె, టార్చి, స్పానరు, ఆయన పిప్పరమెంటు డబ్బా. కొంగు బిగించి, వెల్లకిలా పడుకుని, మడమలతో నేలను తోసుకుంటూ ఇంచి ఇంచి కిందికి దూరింది. ముప్పయ్యొక్క ఏళ్ళ కాపురంలో ఆమె బండి కిందికి రావడం ఇదే మొదటిసారి. కింద ఇంత ఇరుకని తెలియదు. ముక్కుకు జానెడు పైన ఇనుము. ఇక్కడ పడుకున్నాడు ఆ మనిషి, అన్నేళ్ళు. టార్చి వేసి చూసి ఆగిపోయింది. పైపుల మీద తెల్ల రంగుతో ఆయన రాత. తమిళ అక్షరాలు, తెలుగు మాటలు. ఇద్దరిలో ఎవరూ తెలుగు రాయడం ఎరుగరు, ఆ అక్షరాలు గుండ్రంగా ఉంటాయని మాత్రం తెలుసు. ముందు బ్రేకు. వెనక బ్రేకు. తలుపు. టార్చి వెనక్కి జరిపింది. ఎర్ర పిడి నుంచి మంచం కిందికి పోయే పైపు మీద, పాప్పాత్తి నడుము, అని రాసి ఉంది. ఎవరు చదవాలని రాశాడు ఇక్కడ. ఆయనొక్కడు వచ్చే చోటు కదా ఇది. ఆమెకు నవ్వు వచ్చింది, నవ్వితే కన్నీళ్ళు చెవుల్లోకి పోయాయి, వెల్లకిలా పడుకున్నవాళ్ళకు అంతే మరి.

కుంచె ముంచి ఎర్ర పిడి మొదట్లో పూసింది. ఒక బుడగ లేచింది, పెరిగింది, పేలింది. ఇంకొకటి లేచింది. తమిళరసన్ చెప్పింది నిజమే, ఆమెకూ మూడు రోజులుగా తెలిసిన నిజమే. మూసి ఉన్న వాల్వుకు ఇటువైపు గాలి పిడి సందులోంచి పోతోంది, లోపల రబ్బరు రింగు అరిగింది. రింగు మార్చాలంటే అటువైపూ ఇటువైపూ గాలి ఉండకూడదు. ఇటువైపుది బ్రేకు తొక్కితే పోతుంది. అటువైపుది, ట్యాంకు అడుగున ఉన్న చిన్న ఇనప కడియం లాగితే పోతుంది. చెయ్యి పెడితే అందుతుంది. రోడ్డువైపు నుంచి కళైవాణి చెప్పుల చప్పుడు వచ్చింది, క్యాన్లు కింద పెట్టిన చప్పుడు, తరవాత చక్రం పక్కన రెండు పాదాలు, వంగిన మొహం.

"కింద ఏం చేస్తా ఉండావు అత్తా నువ్వు? నడుము పట్టేసుకుంటే?"

ఏమీ లేదని, పైకెక్కి కూర్చుని ముల్లు సున్నాకు వచ్చేదాకా బ్రేకు తొక్కమని చెప్పింది. కళైవాణి ఎక్కింది. తొక్కిన ప్రతిసారీ పైపుల్లో గాలి ఒక నిట్టూర్పు విడిచింది. ఆ తరవాత నిశ్శబ్దం. ఇక ట్యాంకు. సుద్దతో రాసిన 4 సగం చెరిగింది, పక్కనే ముల్లు నాలుగు మీద. పాప్పాత్తి చాలాసేపు దాన్ని చూసింది. కడియం లాగేముందు ఒక పని ఉంది, ఏడాదిగా వాయిదా వేసిన పని, ఆయన ఉంటే మొదట అదే అడిగేవాడు. తట్టావా, లేదా. వేలు ముందుకు చాచి వెనక్కి తీసుకుంది. లోపల ఏమీ లేకపోతే. ఏడాదంతా రోజూ వంగి వంగి ఉత్త డబ్బాకు దండం పెట్టినట్టయితే. తెలియకపోతేనే మేలు కదా, అలాగే లాగేస్తే సరిపోదా. కానీ ఇది ఆయన టెస్టు. జవాబు చెప్పాల్సింది ఆమె, ముల్లు చూసి చెప్పడమే కదా ఆమె పని. గోటితో రెండుసార్లు తట్టింది. ముల్లు ఉలిక్కిపడి దిగింది. మూడు. రెండు. ఒకటిన్నర దగ్గర ఆగింది. మళ్ళీ తట్టింది. ఒకటిన్నరే. ఆగింది, నిజంగానే ఆగింది. ఏడాదిలో రెండున్నర కిలోలే పోయాయి, మిగతాది ఇన్నాళ్ళూ పట్టుకునే ఉంది, ఆయన చేతి జాయింటు. రేపు పొద్దున చూస్తాము అన్నాడు. చూసింది. బాగా బిగించావు, అనుకుంది లోపల, ఎప్పుడూ ఏకవచనంలో అనని మనిషిని.

కడియం లాగింది. తుప్పు నీళ్ళు నాలుగు చుక్కలు చెంప మీద పడ్డాయి, వెంటనే గాలి, చల్లగా, నూనె వాసనతో, మొహం మీదికి. కళ్ళు మూసుకోలేదు. పక్కకు జరగలేదు. ఆమెకు తెలియకుండానే నోరు పైకే చెప్పడం మొదలుపెట్టింది, క్యాబిన్లో కూర్చున్నప్పటిలాగే, ఒకటిన్నర, ఒకటుంబావు, ఒకటి, ముక్కాలు. ముల్లుతోబాటు గొంతు సన్నగిల్లింది. అర. పావు. చివర గాలి ఒక పిల్లి తుమ్మినట్టు చిన్నగా అని ఆగిపోయింది. ప్రతి బండికీ ముల్లు సున్నాకు రాగానే ఆమె ఒక మాట చెప్పేది, చెబితేనే ఆయన స్పానరు పెట్టేవాడు. ఆ మాట కూడా చెప్పింది.

"అయిపాయె."

పిప్పరమెంటు డబ్బాలో ఆయన దాచిన రబ్బరు రింగులు సైజువారీగా దారానికి గుచ్చి ఉన్నాయి. స్పానరు ఎటు తిప్పితే వదులవుతుందో చేతికే తెలిసింది, చూసి చూసి కళ్ళు నేర్చుకున్నది చేతికి చెప్పి ఉంటాయి. పాత రింగు అరిగి ఆకులా పలచబడి ఉంది. కొత్తది తొడిగి, కుంకుడు నురగే రాసి లోపలికి దూర్చి, నట్టు బిగించి, ఎర్ర పిడిని ఈసారి నిలువుగా తిప్పి తెరిచింది, గాలి రెండువైపులా పోవాలి కదా ఇక. మడమతో నేలను కొట్టబోయింది, తాను పైన లేనని గుర్తొచ్చింది. ఇంజను పెట్టవే అని కేక వేసింది. కింద నుంచి వేసే కేక ఎలా ఉంటుందో కూడా ఇదే మొదటిసారి.

ఇంజను అందుకుంది. ముందువైపు నేలంతా గడగడలాడింది. ఈ చప్పుడులో ఇక ఏం వినపడుతుంది, పాపం, అందుకే కదా, అనుకుంది. ముల్లు చూసి చెప్పు, గట్టిగా, అని మళ్ళీ అరిచింది. కళైవాణి అరవలేదు. మామూలుగా, పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు, ఒకటి, అంది. ఒకటిన్నర, అంది. రెండు. రెండుంబావు. ఇంజను శబ్దం ముందుకు, రోడ్డువైపు పోతోంది. మాట మాత్రం ఇనప నేలలోంచి సూటిగా దిగి, సరిగ్గా ఆమె మొహం మీదికి వస్తోంది. ఒక్క అక్షరం పోవడం లేదు. కళైవాణి గొంతులోని చిన్న బొంగురు, అంకెకూ అంకెకూ మధ్య ఆమె గుటక వేసింది కూడా వినపడింది. మూడు. మూడున్నర. చుట్టూ చీకటి, ఇనుము, గ్రీజు వాసన, పై నుంచి ఒక ఆడమనిషి గొంతు, వాళ్ళ మాటలో. ఇంకేమీ లేదు ఇక్కడ. ఇదే వినేవాడు. అయిదు. అయిదుంబావు.

వినేవాడు. అన్నీ వినేవాడు. మొదటిసారే వినేవాడు.

దొంగ. ఇరవై ఏళ్ళు వెల్లుల్లి నూనె. గొంతు ఎండేదాకా చెప్పించుకున్నాడు, మూడేసి సార్లు, ఏడున్నర, ఏడున్నర, ఏడున్నర. చెవిలో రెండు తలుపులట. ఒళ్ళో తల పెట్టుకుని ఏమీ ఎరగనట్టు కళ్ళు మూసుకునేవాడు. ఒక్కరోజు, ఒక్క పూట, నీ గొంతు బాగుంటుంది పాప్పా అని చెప్పి ఉండకూడదా, నోరు పడిపోతుందా. చెప్పే మనిషి కాదు, నిజమే. చెప్పి ఉంటే ఆమె మాత్రం ఏం చేసేది, పనిలేదా అని కసిరేది. తెలిసి ఉంటే. తెలిసి ఉంటే అడగకుండానే మళ్ళీ చెప్పేది, పదిసార్లు చెప్పేది, ముల్లు కదలకపోయినా చెప్పేది. ఆ మనిషి మీద కోపమూ ఆ మనిషి కావాలనే ఆశా ఒక్కసారే వచ్చాయి. మెత్తగా ఏడ్చింది, పైకి వినపడకుండా. వినపడుతుందేమోనని ఆ తరవాత అనుమానం వచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంజను ఆగింది. కళైవాణి, ఎనిమిది, అంది. ఎర్ర పిడి మీద నురగ పూసి పాప్పాత్తి అక్కడే పడుకుని చూసింది. బుడగ లేవలేదు. రోడ్డు మీద లారీలు పోయాయి, నేల అదిరింది, నురగ తనంతట తాను ఆరిపోయింది, మళ్ళీ పూసింది, లేవలేదు. అయిదు నిమిషాలకొకసారి పై నుంచి గొంతు దిగింది. ఎనిమిది. ఎనిమిదే. వెనక ట్యాంకు ముల్లు కూడా ఎనిమిది మీదికి వచ్చింది, దాన్నీ తట్టింది. కొత్త గాలి. ఈ పొద్దుటి గాలి, ఆయనది కాదు. ఆమె పీల్చి వదిలినదీ, కళైవాణి పీల్చి వదిలినదీ. మంచం కింద గాలి స్ప్రింగులు నెమ్మదిగా లేచి బండి వెనకభాగాన్ని నాలుగు వేళ్ళ ఎత్తు పైకెత్తాయి, ఆమె ముక్కుకూ ఇనుముకూ మధ్య కాస్త చోటు వచ్చింది. గంట గడిచింది. పైన సీటు కిర్రుమంది, అద్దం మీద గోటితో రెండుసార్లు తట్టిన చప్పుడు కూడా స్పష్టంగా వినపడింది. ఎవరు నేర్పారో ఆ పిల్లకు, ఆయనే నేర్పి ఉంటాడు.

"ఏడూ ముక్కాలు అత్తా. నిలిచె. లేచి రా, పోదాము."

పాప్పాత్తి కదలలేదు. గోనెపట్ట మీద తల సర్దుకుని, ఇనప నేల వైపు చూస్తూ, నోట్లోంచి కొంగు తీసింది.

"ఇనపడలా," అంది. "మళ్ళా చెప్పు."